'కల్లు': ఊరి పేరులో మిగిలిన రాయి

కదిరి నుంచి మదనపల్లె వైపు వెళ్ళే దారిలో తనకల్లు వస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలో అదొక మండల కేంద్రం. ఆ పేరు చివర ఉన్న 'కల్లు' వినగానే మీకు ఏ అర్థం స్ఫురిస్తుంది? చాలామందికి ఈతచెట్టు, దానికి కట్టిన ముంత గుర్తుకు వస్తాయి. అంతటితో ఆగితే చిక్కు లేదు. కానీ స్థానిక చరిత్ర రాసేవారు కొందరు ఇలాంటి పేరును పట్టుకుని, ఊరిని మొదట కట్టుకున్నవారు ఎవరో, వారి వృత్తి ఏమిటో కూడా తేల్చేస్తారు. ఒక ఊరి గతాన్ని ఒక్క శబ్దం మీద నిలబెట్టవచ్చునా?

ముందు ఆ మాటనే పరిశీలిద్దాం. తమిళంలో రాయిని 'కల్' అంటారు, తాగే కల్లును 'కళ్' అంటారు. కన్నడంలో రాయి 'కల్లు', తాగేది 'కళ్ళు'. అంటే ఇవి రెండు అర్థాలున్న ఒక మాట కాదు, వేర్వేరు ధాతువుల నుంచి వచ్చిన రెండు మాటలు. తెలుగులో ఇలాంటి చోట్ల ల, ళ భేదం చెరిగిపోయింది. తమిళ 'విల్' మనకు విల్లు అయింది, 'ముళ్' కూడా ముల్లే అయింది. అదే దారిలో రాయి, పానీయం రెండూ 'కల్లు' దగ్గర కలిశాయి. బరో, ఎమెనో 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటినీ విడివిడి ఆరోపాలుగానే చూపింది.

'కళ్ళు' సంగతి వేరు. అది కన్ను బహువచనం. సీమలో ఇప్పటికీ 'కండ్లు' అనే అంటారు కాబట్టి ఇక్కడివారికి ఆ తికమక తక్కువ. అబద్ధమనే అర్థంలోని 'కల్ల' మరొక మాట. కన్నడంలో దొంగను 'కళ్ళ' అంటారు, ఆ రెండూ చుట్టాలు.

మరి తెలుగులో రాయి అనే అర్థం ఏమైంది? వాడుకలో ఆ చోటును 'రాయి' ఆక్రమించింది. అయినా పాత మాట పూర్తిగా పోలేదు. పెళ్ళిలో వధువు చేత సన్నెకల్లు తొక్కిస్తారు కదా! సంస్కృతంలో ఆ తంతు పేరు అశ్మారోహణం. అశ్మం అంటే రాయి. వంటింటి సన్నెకల్లును మిక్సీ మూలకు నెట్టినా, పెళ్ళిమంటపం దాని పేరును వదలలేదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం ఓరుగల్లు. కాకతీయుల రాజధానిని సంస్కృత రచనలు ఏకశిలానగరం అన్నాయి. ఆనాటి పండితులు 'కల్లు'ను శిలగానే అర్థం చేసుకున్నారని ఈ అనువాదమే చెబుతోంది. సమాసంలో క కాస్తా గ అయింది, అంతే తేడా. తమిళనాడులో దిండుక్కల్, నామక్కల్ కూడా పెద్ద బండ, దానిపై కోట ఉన్న ఊళ్ళే. అనంతపురం జిల్లా గుంతకల్లు, విడపనకల్లు పేర్లను కూడా ఈ వరుసలో పెట్టి చూడండి.

ఇప్పుడు తనకల్లు దగ్గరకు వద్దాం. మన ఊరిపేర్ల చివర సాధారణంగా స్థలాన్ని చెప్పే మాట ఉంటుంది. చుట్టుపక్కలే చూడండి: పెనుకొండలో కొండ, నల్లచెరువులో చెరువు, నంబులపూలకుంటలో కుంట. ఆ స్థానంలో బండ ఒదిగినట్టు పానీయం ఒదగదు. పైగా ఇది కన్నడ సరిహద్దు సీమ. హిందూపురం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళలో 'కల్లు' అంటే నేటికీ రాయే. కాబట్టి రాయి అనే అర్థానికే మొగ్గు ఉంది.

అయితే మొగ్గు వేరు, రుజువు వేరు. పేరు పాత రూపాలు శాసనాల్లో, రెవెన్యూ రికార్డుల్లో ఎలా ఉన్నాయో చూడాలి. ఇక్కడ మీరు దారి తప్పే అవకాశం ఉంది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడినా, తనకల్లు ప్రాంతం ఉన్న కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోనే ఉండేది. అందువల్ల ఫ్రాన్సిస్ 1905లో తెచ్చిన అనంతపురం గెజెటీరు పరిధిలోకి ఆ తాలూకా రాదు. బ్రాకెన్‌బరీ కడప గెజెటీరు 1915లో వెలువడేనాటికి తాలూకా చేతులు మారింది. మీరు ముందుగా అడగవలసినది గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్.