బాయిలర్ రూమ్‌లో పని చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన వేడి, ఆవిరి, ప్రెషర్ సంగతులు

బురైదాలో, చుట్టుపక్కల ఖసీం ప్రాంతంలో బాయిలర్లు ఉన్న చోట్లు చాలానే ఉన్నాయి. హాస్పిటల్ లాండ్రీలు, పాల ఫ్యాక్టరీలు, కోళ్ల ప్లాంట్లు, దాణా మిల్లులు, ఖర్జూరం ఫ్యాక్టరీలు. వాటిల్లో మనవాళ్లు ఉన్నారు. ఊర్లో ఏజెంటు హెల్పర్ పని అని చెప్పి పంపిస్తాడు. ఇక్కడ దిగిన నెలకో రెండు నెలలకో ఫోర్‌మన్ బాయిలర్ రూమ్ తాళం చేతిలో పెడతాడు. "బటన్ నొక్కు, గేజ్ చూడు, అంతే" అంటాడు. అంతే కాదు కాబట్టే ఇది రాస్తున్నాను. నేను ఇంజనీర్‌ను కాదు, టెన్త్ దాకా చదివినవాణ్ని. కార్మికుల కేసుల వెంట తిరుగుతూ పాత ఆపరేటర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

కొన్నేళ్ల కింద ఒక రాత్రి జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకతను ఫోన్ చేసిండు. "అన్నా, గేజ్ అద్దంల నీళ్లు కనిపిస్తలేవు. బర్నర్ మండుతున్నది. సూపర్‌వైజర్ నీళ్ల పంపు ఆన్ చెయ్యమంటున్నడు. చెయ్యాల్నా?" నాకు తెలియలేదు. ఇరవై ఏళ్లు బాయిలర్ మీద పని చేసిన ఒక పెద్దాయనను లైన్‌లోకి తీసుకున్నా. ఆయన ఒకటే మాట అన్నాడు. "బర్నర్ బంద్ చెయ్యి, నీళ్లు పెట్టకు, బయటికి రా." ఎందుకో అర్థం కావాలంటే ముందు వేడి సంగతి తెలియాలి.

ఒక కిలో నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకేలరీ వేడి కావాలి. 28 డిగ్రీల నీళ్లను మరిగే దాకా తేవడానికి దాదాపు 70 కిలోకేలరీలు చాలు. మరిగిన ఆ కిలో నీళ్లు పూర్తిగా ఆవిరి కావడానికి ఇంకో 540 కావాలి. ఆ 540 పోస్తున్నంతసేపూ థర్మామీటర్ కదలదు. వేడి ఎక్కడికీ పోలేదు, ఆవిరిలో దాక్కుంది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ నడిచేది ఆ దాచుకున్న వేడితోనే. మీ చేతికి ఆవిరి తగిలితే నీళ్లుగా మారుతూ ఆ వేడి మొత్తం చర్మం మీద దింపుతుంది. మరిగే నీళ్లు పడినదానికంటే ఆవిరి కాలినది లోతుగా ఉండేది అందుకే.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని స్కూల్లో చదివాం. బురైదా సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది, గాలి బరువు కొంచెం తక్కువ, అందుకే ఇక్కడ తెరిచిన గిన్నెలో 98 దగ్గరే మరుగుతాయి. నీళ్ల మీద బరువు తగ్గితే తొందరగా మరుగుతాయి, బరువు పెరిగితే ఆలస్యంగా మరుగుతాయి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌లో పప్పు తొందరగా ఉడికేది ఇందుకే, లోపల 120 డిగ్రీల దాకా పోతుంది. బాయిలర్ అంటే పెద్ద కుక్కర్. గేజ్ మీద 3 బార్ ఉంటే లోపల నీళ్లు 143 డిగ్రీలు, 7 బార్ ఉంటే 170, 10 బార్ ఉంటే 184. గేజ్ చూస్తే ప్రెషర్‌తో పాటు వేడి కూడా తెలిసిపోతుంది.

ఇక ప్రెషర్. ఒక బార్ అంటే రమారమి ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. వినడానికి చిన్నదే. కానీ మ్యాన్‌హోల్ మూత 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్ల కోడిగుడ్డు ఆకారం అనుకోండి, దాని వైశాల్యం 940 చదరపు సెంటీమీటర్ల పైన. 7 బార్ దగ్గర ఆ మూతను లోపలి నుంచి ఆరున్నర టన్నుల బలం నెడుతుంది. ముల్లు సున్నాకు దగ్గరగా వచ్చిందిలే అని అర బార్ ఉండగా నట్టు విప్పడానికి పోతారు కొందరు. ఆ అర బార్‌కే 470 కిలోల బలం. పైన ఎయిర్ కాక్ తెరిచి, ఆవిరి రావడం పూర్తిగా ఆగిందని చూసుకోకుండా ఏ మూతా ముట్టొద్దు. గేజ్ సున్నా చూపిస్తే చాలదు, గేజ్ కూడా చెడిపోతుంది.

చాలామంది బాయిలర్‌లో ప్రమాదం ఆవిరి అనుకుంటారు. అసలు బలం నీళ్లలో ఉంది. 7 బార్ దగ్గర వెయ్యి కిలోల నీళ్లు 170 డిగ్రీల్లో ఉన్నాయి. షెల్ పగిలితే ప్రెషర్ ఒక్కసారి పోతుంది, ఆ నీళ్లు 170 దగ్గర నీళ్లుగా ఉండలేవు. అందులో 130 కిలోలకు పైగా అప్పటికప్పుడు ఆవిరి అవుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా జాగా కావాలి. అంటే క్షణంలో రెండు వందల ఘనపు మీటర్లకు పైగా ఆవిరి. గోడలు లేచిపోయేది అందుకే. 1905 మార్చి 20న అమెరికాలో బ్రాక్‌టన్ ఊర్లో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ ఇలాగే పేలి 58 మంది చనిపోయారు. మన దేశంలో 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలిన తర్వాతే తనిఖీల చట్టం వచ్చింది.

ఇప్పుడు ఆ తమ్ముడి రాత్రికి వద్దాం. మంట వేడి ఎంతున్నా ఉక్కు ట్యూబులు కరగకుండా ఉండేది వెనక నీళ్లు ఆ వేడిని లాక్కుంటున్నాయి కాబట్టి. నీళ్లు ట్యూబుల కిందికి దిగితే ఉక్కు వేడెక్కుతూనే ఉంటుంది. 600 డిగ్రీల దగ్గర దాని బలం సగం కూడా మిగలదు. అప్పుడు దాని మీద నీళ్లు పడితే రెండు జరుగుతాయి. ఎర్రగా కాలిన ఉక్కు ఒక్కసారి ముడుచుకుని పగులుతుంది, పడిన నీళ్లు అప్పుడే ఆవిరై ప్రెషర్ పెంచుతాయి. అందుకే అద్దంలో నీళ్లు కనిపించకపోతే బర్నర్ ఆపడం, పంపు ముట్టకపోవడం, స్టీమ్ వాల్వు కదపకపోవడం, బయటికి రావడం. దానంతట అది చల్లారాలి. ఆ తమ్ముడు అట్లనే చేసిండు. మర్నాడు చూస్తే నీళ్లు తగ్గితే బర్నర్‌ను ఆపాల్సిన ఫ్లోట్ బురదలో ఇరుక్కుపోయి ఉంది. రెండు ట్యూబులు రంగు మారాయి. సూపర్‌వైజర్ ఆలస్యానికి తిట్టిండట, తిట్టనియ్యండి.

ప్రతి షిఫ్టులో అద్దం డ్రెయిన్ తెరిచి మూయండి. నీళ్లు టక్కున పాత మట్టానికి ఎక్కాలి. మెల్లగా ఎక్కితే దారి మూసుకుపోతోందని. ఖసీం బావి నీళ్లలో ఉప్పులు ఎక్కువ, సాఫ్ట్‌నర్ సరిగ్గా పనిచేయకపోతే ట్యూబుల మీద సున్నం పేరుకుంటుంది. ఆ సున్నం ఉక్కు కంటే ఇరవై రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. డీజిల్ ఎక్కువ కాలుతుంది, అది ఓనర్ బాధ. కానీ నీళ్లున్నా ట్యూబు కాలిపోతుంది, అది మీ బాధ. సాఫ్ట్‌నర్‌లో ఉప్పు అయిపోయిందని నోటితో కాకుండా మెసేజ్ పెట్టి చెప్పండి.

మంట వైపు కూడా ప్రమాదమే. బర్నర్ ఆరిపోతే రీసెట్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కొద్దు. నొక్కిన ప్రతిసారీ మండని డీజిల్ ఆవిరి లోపల చేరుతుంది, చివరిసారి అంతా కలిసి అంటుకుంటుంది. ముందు ఫ్యాన్ తిరిగి లోపలి గాలిని బయటికి నెట్టేయాలి. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లో ఉంచాహార్ ఎన్‌టీపీసీ ప్లాంటులో 40 మందికి పైగా ప్రాణాలు పోయింది మంట వైపు ప్రెషర్ పెరిగి వేడి గ్యాసు బయటికి తన్నడం వల్లే. సేఫ్టీ వాల్వు అరుస్తోందని దానికి బరువు కట్టడం, స్క్రూ బిగించడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎవరు చేయమన్నా చేయొద్దు.

కొన్ని మాటలు గుర్తుంచుకోండి. అరబ్బీలో బుఖార్ అంటే ఆవిరి, మన హిందీవాళ్ల జ్వరం కాదు. దగ్త్ అంటే ప్రెషర్, ఖతర్ అంటే ప్రమాదం. "మాఫీ మోయా, ఖతర్" అంటే నీళ్లు లేవు, ప్రమాదం అని ఎవరికైనా అర్థమవుతుంది.

లీకైన చోట తెల్లగా కనిపించేది చల్లబడి నీటి బొట్లయిన ఆవిరి. అసలు ఆవిరి లీకు మూతి దగ్గర కంటికి కనిపించదు, చెయ్యి పెట్టి వెతకొద్దు. కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద పెట్టాలి. టూత్‌పేస్టు వద్దు, ఐసు వద్దు. ఎండాకాలం ఇక్కడ మిద్దె మీద ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, కాబట్టి బాయిలర్ రూమ్ దగ్గర చల్లటి నీళ్ల క్యాన్లు ముందే పెట్టించుకోండి.

మీ ఒళ్లు చల్లబడేది కూడా ఆవిరితోనే. లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి 580 కిలోకేలరీల దాకా వేడి పోతుంది. బురైదా పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. లీకులున్న బాయిలర్ రూమ్‌లో తేమకు చెమట ఆరదు, వేడి లోపలే ఉండిపోతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని నిషేధం ఎండలో పనికే, కప్పు కింద బాయిలర్ రూమ్‌కు అది వర్తించదు. ఫ్యాన్, గాలి, నీళ్లు మీరే అడగాలి.

మన దేశంలో సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ లేకుండా బాయిలర్ నడపకూడదు. సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అని పరీక్షలున్నాయి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. మీ దగ్గర సర్టిఫికెట్ ఉంటే కివా కాంట్రాక్టులో పని పేరు కూడా అదే ఉండాలని అడగండి. సర్టిఫికెట్ లేకుండా మీతో నడిపిస్తుంటే ఆ సంగతి రాసి పెట్టుకోండి, తేదీతో సహా. సౌదీ కార్మిక చట్టం 81వ ఆర్టికల్ ప్రకారం పని చోట తీవ్ర ప్రమాదం ఉందని కంపెనీకి తెలిసీ సరిచేయకపోతే నోటీసు లేకుండా పని వదిలే హక్కు ఉంది. కంపెనీకి తెలుసని చూపించడానికే ఆ మెసేజ్‌లు, ఫోటోలు. పని ప్రమాదాల బీమా కోసం గోసీకి జీతంలో 2 శాతం కట్టాల్సింది కంపెనీయే, మీ జీతంలో కోయకూడదు. ఫిర్యాదుకు కార్మిక శాఖ నంబర్ 19911, అంబులెన్స్ 997, మంటలొస్తే సివిల్ డిఫెన్స్ 998. ఈ మూడూ బాయిలర్ రూమ్ తలుపు లోపల కాదు, బయట గోడ మీద రాసి పెట్టండి.