ఆంగ్లక్రియలు - ఉపసర్గలు : ఒక చారిత్రక పరిశీలనము

ఆంగ్లభాష నేర్చుకొను తెలుగు విద్యార్థికి పెద్ద పదములకంటె చిన్న పదములే ఎక్కువ చిక్కు కలిగించును. ‘టాలరేట్’ అను పదమునకు నిఘంటువున అర్థము సులభముగా దొరకును. అదే అర్థము గల ‘పుట్ అప్ విత్’ అను పదబంధమున ‘పుట్’ అనగా పెట్టుట, ‘అప్’ అనగా పైకి, ‘విత్’ అనగా తోడ. ఈ మూటిని ఎట్లు కూర్చినను సహించుట అను అర్థము రాదు. అర్థము తెలిసినపిదప పదక్రమమున వేరొక చిక్కు ఎదురగును. ఒక అలవాటును మానుటనుగూర్చి ‘గివ్ అప్ ది హాబిట్’ అనవచ్చును. ‘గివ్ ది హాబిట్ అప్’ అనియు అనవచ్చును. కాని నామమునకు మారుగా ‘ఇట్’ అను సర్వనామము వచ్చినచో ‘గివ్ ఇట్ అప్’ అనవలసినదే. ‘గివ్ అప్ ఇట్’ అనరాదు. కారణమేమని అడిగినవారికి అది వాడుక యను సమాధానమే సామాన్యముగా లభించును. వాడుకకును చరిత్ర కలదు. ఆ చరిత్రనే మేము ఈ వ్యాసమున సంగ్రహముగా పరిశీలింపదలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ‘హి రాన్ అప్ ది హిల్’ అనగా అతడు కొండమీదికి పరుగెత్తెనని యర్థము. ‘హి రాన్ అప్ ఎ బిల్’ అనగా అతడు బాకీ పెంచుకొనెనని యర్థము. పైచూపునకు రెండు వాక్యముల నిర్మాణము నొకటియే. సర్వనామమును ప్రవేశపెట్టి చూచిన భేదము బయటపడును. కొండ విషయమున ‘రాన్ అప్ ఇట్’ అనవలెను. బాకీ విషయమున ‘రాన్ ఇట్ అప్’ అనవలెను. మొదటి వాక్యమున ‘అప్’ నామమునకు చెందినది. నామమునకు ముందు నిలిచినను మన విభక్తి చేయు పనినే చేయుచున్నది. రెండవ వాక్యమున ‘అప్’ క్రియకు చెందినది. దీనిని ఉపసర్గ యనుట యుక్తమని మా యభిప్రాయము. రూపమొకటియే యైన యీ రెండింటిని వేరుపరచుటకు సర్వనామమే ఒరగల్లు.

ఉపసర్గ యను పేరును చరిత్రయే సమర్థించుచున్నది. సుమారు 1100 వరకు వ్యవహారమందుండిన ప్రాచీనాంగ్లమున క్రియతో చేరు ఉపపదములు రెండు విధములు. కొన్ని క్రియకు ముందు విడదీయరానివిగా అతుకుకొని యుండెడివి. ‘ఫర్‌గివ్’, ‘విత్‌స్టాండ్’ అను నేటి పదములు అట్టి రచనకు మిగిలిన గుర్తులు. ‘విత్‌స్టాండ్’ అనగా ఎదిరించి నిలుచుట. ‘విత్’ అను పదమునకు పూర్వముండిన ‘ఎదురుగా’ అను నర్థము ఇందు నిలిచియున్నది. ‘అప్’, ‘అవుట్’ అనువాని పూర్వరూపములు రెండవ విధమునకు చెందినవి. ఇవి క్రియకు ముందును రాగలవు, వెనుకను రాగలవు. జర్మనుభాషయందు ఇట్టి విడివడు ఉపసర్గలు నేటికిని విరివిగా నున్నవి.

కాలక్రమమున మొదటి తెగ క్షీణించినది. ఊనిక లేని పూర్వపదములు బలము గోల్పోయి, క్రొత్త క్రియలను పుట్టించు శక్తిని చాలవరకు పోగొట్టుకొనినవి. అదేకాలమున వాక్యమున క్రియ కర్మకు ముందు స్థిరపడుటచే విడివడు ఉపసర్గలు క్రియకు వెనుకనే నిలిచిపోయినవి. తొమ్మిదవ శతాబ్దినుండి ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగములందు స్థిరపడిన స్కాండినేవియనుల భాషయందు ఇట్టి పరపదరచన అప్పటికే ప్రబలియుండెను. వారి సంపర్కము ఈ మార్పునకు తోడ్పడినదని పలువురు పండితులు తలచిరి.

ఆ ప్రాంతమునకు చెందిన పీటర్‌బరో మఠమున వ్రాయబడిన వృత్తాంతగ్రంథము ఇందుకు మంచి సాక్ష్యము. 1132వ సంవత్సరపు వృత్తాంతమున, మఠాధిపతి తన పదవిని విడిచిపెట్టవలసివచ్చిన సందర్భమును చెప్పుచు లేఖకుడు ‘గివ్ అప్’ అను క్రియ యొక్క పూర్వరూపమును ప్రయోగించెను. అచ్చట పైకి ఎత్తియిచ్చిన వస్తువేదియు లేదు. ‘అప్’ తన దిగర్థమును వదలి క్రియార్థమున లీనమైనది.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించినపిదప ఫ్రెంచిపదములు పెక్కు ప్రవేశించి గౌరవస్థానము నాక్రమించినవి. ‘గో ఇన్’ ఉండగా ‘ఎంటర్’, ‘గో డౌన్’ ఉండగా ‘డిసెండ్’ వచ్చినవి. దేశీయమైన కూర్పులు ఇంటిమాటలయందు వర్ధిల్లినవి. 1755లో ప్రకటితమైన తన నిఘంటువు పీఠికయందు శామ్యూల్ జాన్సన్ ఈ కూర్పులు పరదేశీయులకు మిక్కిలి కష్టమైనవని గుర్తించి, వానిని శ్రద్ధతో సంగ్రహించినట్లు చెప్పెను. వీనికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరును లోగన్ పియర్సల్ స్మిత్ తన 1925 నాటి గ్రంథమున వాడి, అది హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను. వ్యవహారమున శతాబ్దులుగా నున్నదానికి పేరు మాత్రము ఇంత ఆలస్యముగా వచ్చినది.

ఇక సర్వనామము మధ్యకేల రావలెను? సర్వనామము ముందే తెలిసిన వస్తువును సూచించును గనుక సాధారణముగా దానిపై ఊనిక ఉండదు. ఉపసర్గపై ఊనిక ఉండును. ఊనిక లేనిది క్రియ నంటుకొనగా, ఊనిక గలది వాక్యాంతమున నిలుచును.

సంస్కృతముతో పోల్చిచూచిన ఈ చరిత్ర మరింత స్పష్టమగును. ఉపసర్గ ధాతువునకు ముందుండవలెనని పాణిని విధించెను. ఛందస్సునందు మాత్రము అది ధాతువునకు తరువాతను, నడుమ వేరు పదములు రాగా వ్యవహితముగాను ఉండవచ్చునని చెప్పెను. అనగా వేదభాషయందు స్వేచ్ఛగా నుండిన ఉపసర్గ లౌకికభాషయందు ధాతువునకు ముందు బద్ధమైనది. ఆంగ్లమున అది క్రియకు ముందునుండి తప్పుకొని వెనుక నిలిచినది. త్రోవలు వేరైనను, ప్రహారము, ఆహారము, విహారము అనువానియందువలె ధాత్వర్థమును మార్చు శక్తి రెండిట సమానమే.

తెలుగున ఈ పనిని క్రియలే చేయుచున్నవి. ‘తినివేసెను’ అనునపుడు వేయబడిన వస్తువు లేదు. ‘ఈట్ అప్’ అనునపుడు పైకి పోవునదియు లేదు. రెండును క్రియ పూర్తియగుటనే తెలుపును. ‘విడిచిపెట్టు’ అనుచోట ‘పెట్టు’ ధాతువు తన మొదటి యర్థమును వదలుకొన్నట్లే ‘గివ్ అప్’ అనుచోట ‘అప్’ వదలుకొన్నది. అయితే తెలుగున ‘దానిని’ అను సర్వనామము ఈ కూర్పునకు ముందే నిలుచును. ఆంగ్లమున దాని నడుమకు వచ్చును.

కావున ‘అప్’ అనగా ‘పైకి’ అని మాత్రమే నేర్పుట చాలదు. విద్యార్థి దానిని విభక్తిగా నెంచి, విభక్తిని నామముతో చేర్చు అలవాటుచొప్పున ‘గివ్ అప్ ఇట్’ అని వ్రాయును. అది అజాగ్రత్త గాదు. బోధించినదానిని తర్కబద్ధముగా అనుసరించుటయే. అతనికి ‘గివ్’ ఒకచోట, ‘అప్’ వేరొకచోట నేర్పక, ‘విడిచిపెట్టు’ వలె ‘గివ్ అప్’ ఒక్క క్రియయని నేర్పి, సర్వనామస్థానమును దానితోడనే చూపినచో ఈ దోషము చాలవరకు తొలగును.