మెరెంగే ఎవరిది?

2005లో వచ్చిన ‘మ్యాడ్ హాట్ బాల్‌రూమ్’ డాక్యుమెంటరీలో కథ చిన్నదే. న్యూయార్క్ సర్కారు బడుల్లో ఐదో తరగతి పిల్లలు పది వారాలు బాల్‌రూమ్ డాన్సులు నేర్చుకుని, ఊరంతటికీ కలిపి జరిగే పోటీలో దిగుతారు. దర్శకురాలు మారిలిన్ అగ్రెలో మూడు బడుల వెంట తిరిగింది. ఒకటి మన్‌హటన్ దక్షిణాన డబ్బున్నవాళ్ళుండే ట్రైబెకాలో, రెండోది బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్‌లో, మూడోది మన్‌హటన్ ఉత్తరం కొసన డొమినికన్ల పేట వాషింగ్టన్ హైట్స్‌లో. నేర్పేవి మెరెంగే, ఫాక్స్‌ట్రాట్, రుంబా, టాంగో, స్వింగ్. పదేళ్ళ పిల్లాడు పక్క బెంచీ పిల్ల చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ అడుగు వెయ్యాలి. ఆ వయసులో అదెంత కష్టమో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకోవచ్చు.

చివరికి కప్పు కొట్టింది వాషింగ్టన్ హైట్స్ బడి, పి.ఎస్. 115. బీదపిల్లలు గెలిచారన్న సంతోషంతోనే చాలామంది ఈ సినిమాని గుర్తుపెట్టుకుంటారు. నాకూ ఆ సంతోషం ఉంది. కానీ మళ్ళీ చూసినప్పుడు ఇంకో మాట చెవిలో పడింది. టీచర్లు పిల్లల్ని పదే పదే ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అని పిలుస్తారు. డాన్సు నేర్చుకుంటే వీధిపిల్లలు పెద్దమనుషులవుతారన్న నమ్మకం ఆ పిలుపులో ఉంది. మెరెంగే, టాంగో, స్వింగ్ పెద్దమనుషులని తయారుచేస్తాయని ఒక వందేళ్ళ కిందట ఎవరైనా అని ఉంటే, అసలైన పెద్దమనుషులు నవ్వి ఉండేవాళ్ళు. లేదా పోలీసుల్ని పిలిచేవాళ్ళు.

ఈ కార్యక్రమం పేరు ‘డాన్సింగ్ క్లాస్‌రూమ్స్’. 1994లో పియర్ డ్యులేన్ మొదలుపెట్టాడు. ఆయన 1944లో జాఫాలో పుట్టాడు. తల్లి పాలస్తీనీ, తండ్రి ఐరిష్. 1948లో ఆ కుటుంబం ఊరు వదలాల్సి వచ్చింది. అమ్మాన్ మీదుగా ఇంగ్లండు చేరి, అక్కడ కుర్రవాడిగా ఉండగా డాన్సు నేర్చుకున్నాడు. పరాయి ఊళ్ళో సిగ్గరి పిల్లాడికి డాన్సు ఏం చేసిపెడుతుందో ఆయనకి స్వానుభవం. ఆయన ఉద్దేశం మీద నాకు అనుమానమేమీ లేదు. నా ప్రశ్న ఆయన నేర్పే అడుగుల పుట్టుక గురించి.

న్యూయార్క్ బడుల్లో డాన్సు ఆయనతో మొదలవలేదు. 1903లో లూథర్ గ్యూలిక్ అక్కడ పబ్లిక్ స్కూల్స్ అథ్లెటిక్ లీగ్ పెట్టాడు. 1905లో దానికి ఆడపిల్లల శాఖ వచ్చింది. ఎలిజబెత్ బర్చెనల్ ఆ శాఖ తరఫున ఐరోపా జానపద నృత్యాలు నేర్పించింది. ఇటలీ నుంచీ రష్యా నుంచీ ఓడలు దిగిన కుటుంబాల పిల్లలు ఇరుకు వాడల బడుల్లో అవి నేర్చుకుని, పార్కుల్లో వేలమంది ఒకేసారి ఆడేవాళ్ళు. జానపదాలే ఎందుకంటే తక్కువ చోటు చాలు, అందరూ ఒకేసారి ఆడొచ్చు, మగపిల్లల్ని తాకక్కర్లేదు. ఇంకో నియమం కూడా ఉండేది: ఆడపిల్లలకి బడికీ బడికీ మధ్య పోటీలు వద్దు. ఆనాటి కట్టుబాటు వాసన అందులో లేకపోలేదు. అయినా ఓడిన రోజున ట్రైబెకా పిల్లల మొహాలు చూశాక, ఆ నియమం నాకు పూర్తిగా చాదస్తమనిపించడం లేదు.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే ఊళ్ళో డాన్సు హాళ్ళ మీద పెద్ద గొడవ. ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు రాత్రిళ్ళు హాళ్ళకి వెళ్ళి టర్కీ ట్రాట్, గ్రిజ్లీ బేర్ అని జంతువుల పేర్లున్న డాన్సులు, ఒళ్ళు ఒళ్ళు ఆనించి ఆడుతున్నారని సంస్కర్తలకి బెంగ. ఆ డాన్సుల్ని ఉతికి ఆరేసి పెద్దింటి గదుల్లోకి తెచ్చినవాళ్ళు వెర్నన్, ఐరీన్ క్యాజిల్ దంపతులు. భుజాలు ఊపొద్దు, నడుం తిప్పొద్దు అని 1914లో పుస్తకమే వేశారు. వాళ్ళ సంగీత దళాన్ని నడిపింది జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతకారుడు. ఫాక్స్‌ట్రాట్‌కి కావలసిన లయని క్యాజిల్ దంపతులకి సూచించింది ఆయనే అంటారు. నల్లవాళ్ళు వాయిస్తే తెల్లవాళ్ళు ఆడే గదులవి.

ఆ తర్వాత లెక్క రాసుకోవడం మొదలైంది. 1924లో లండన్‌లో ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డాన్సింగ్ బాల్‌రూమ్ శాఖ పెట్టి ఏ అడుగు ఎంత, కాలు ఎక్కడ, తల ఎటు అని తేల్చింది. ఇది అర్థమయ్యే పనే. పోటీ పెట్టాలంటే కొలబద్ద ఉండాలి. కానీ కొలబద్దకి అందనిది రాలిపోతుంది. హార్లెమ్‌లో 1926లో తెరిచిన సవోయ్ బాల్‌రూమ్‌లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే నేల మీద లిండీ హాప్ ఆడేవారు. స్వింగ్‌కి మూలం అదే. మధ్యలో జోడీ చేతులు వదిలేసి ఎవరికి తోచింది వాళ్ళు అప్పటికప్పుడు ఆడటమే దాని ప్రాణం. ఐదో తరగతి పోటీలో ఆ చోటు దాదాపు ఉండదు. సవోయ్ ఉండిన చోటు నుంచి పి.ఎస్. 115కి నలభై వీధుల దూరం కూడా లేదు.

మెరెంగే సంగతి ఇంకా చిక్కు. డొమినికన్ రిపబ్లిక్‌లో అది పల్లెటూరి ఆట, అకార్డియన్, డోలు, గీకుతూ వాయించే లోహపు గొట్టం కలిసిన మోత. పట్నం పెద్దలకి అదంటే ఏవగింపు. 1930లో గద్దెనెక్కిన ట్రుహీయో పెద్దింటివాడు కాదు. ఆ పెద్దలు తనని క్లబ్బుల్లోకి రానివ్వలేదన్న కసి ఉన్నవాడు. ఎన్నికల ప్రచారానికి మెరెంగే దళాల్ని వెంటేసుకు తిరిగాడు, తర్వాత అవే క్లబ్బుల్లో ఆ పెద్దల చేతే మెరెంగే ఆడించాడు. తనని పొగిడే మెరెంగేలు లెక్కలేనన్ని కట్టించాడు. సంగీతం మారింది, సాక్సోఫోన్లు వచ్చాయి, కోటూ బూటూ వచ్చాయి. అందులోని ఆఫ్రికా మూలాల గురించి మాట్లాడటం తగ్గిపోయింది. 1937లో సరిహద్దులో వేలమంది హైతీ జనాన్ని చంపించిన ప్రభుత్వం అంతకన్నా ఏం చేస్తుంది? 1961లో ట్రుహీయోని కాల్చి చంపాక దేశం తలుపులు తెరుచుకున్నాయి. జనం న్యూయార్క్ దారి పట్టారు, వాషింగ్టన్ హైట్స్ వాళ్ళ ఊరైంది.

అంటే ఆ బడి పిల్లలు పోటీలో ఆడిన మెరెంగే ఎన్ని చేతులు మారి వచ్చిందో చూడండి. పల్లె నుంచి నియంత దగ్గరికి, అక్కడినుంచి క్లబ్బుకి, ఓడల్లో విమానాల్లో వలసకి, డాన్సు మాస్టర్ల పాఠానికి. ఆఖర్న, మెరెంగే ఆడిన తాతల మనవళ్ళకి బడి జిమ్‌లో మర్యాద పాఠంగా తిరిగొచ్చింది. సినిమాలో డొమినికన్ రిపబ్లిక్ నుంచి కొత్తగా దిగిన ఒక కుర్రాడున్నాడు. ఇంగ్లీషు ఇంకా పట్టుబడలేదు. ఆ పిల్లాడు డాన్సు మొదలవగానే వేరే మనిషైపోతాడు. వాడి నడుములో ఉన్నది ఏ సిలబస్‌లోనూ లేదు. ఆ బడి గెలవడంలో పాఠానికి ఎంత వాటా, ఇంటికి ఎంత వాటా అని నేనైతే అడుగుతాను. సినిమా అడగదు.

తెలుగువాళ్ళకి ఈ కథ బొత్తిగా కొత్తదేం కాదు. కలావంతుల ఆటని 1947 మద్రాసు దేవదాసీ చట్టం నేరం చేసింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టేనాటికి నాట్యం గౌరవప్రదమైన ఇళ్ళ ఆడపిల్లలు నేర్చుకునే విద్య అయిపోతోంది. ఇవాళ హైదరాబాద్‌లోనైనా న్యూజెర్సీలోనైనా కూచిపూడి క్లాసు సంస్కారం నేర్పే చోటు. తేడా ఎక్కడంటే, వాషింగ్టన్ హైట్స్‌లో ఉతికిన ఆట తిరిగి ఆ ఇంటి పిల్లలకే అందింది. కలావంతుల ఇళ్ళలో చాలాచోట్ల ఆట పోయింది, ఆడామని చెప్పుకునే ధైర్యమూ పోయింది. అందుకే ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అన్న పిలుపు నాకు నచ్చకపోయినా, ఆ పది వారాల క్లాసుని కొట్టిపారేయలేను.

ఇంకో సంగతి చెప్పాలి. 1926లో న్యూయార్క్ నగరం క్యాబరే చట్టం తెచ్చింది. లైసెన్సు లేని హోటల్లోనో బారులోనో జనం లేచి డాన్సు చేస్తే నేరం. హార్లెమ్ జాజ్ క్లబ్బుల్ని అదుపు చెయ్యడానికే అది పుట్టిందని చాలామంది చరిత్రకారుల మాట. పాతబడి మూలపడిన ఆ చట్టాన్ని 1990ల్లో మేయర్ జూలియాని మళ్ళీ బయటికి తీసి, చిన్న చిన్న బారుల మీదికి ఇన్‌స్పెక్టర్లని పంపించాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే డ్యులేన్ క్లాసులు బడి నుంచి బడికి పాకాయి. పి.ఎస్. 115 పిల్లలు వింటర్ గార్డెన్ అద్దాల గోపురం కింద కప్పు ఎత్తిన రోజున, వాళ్ళ అమ్మానాన్నలు పేటలో లైసెన్సు లేని బారులో అదే మెరెంగేకి లేచి ఆడితే యజమానికి జరిమానా పడేది. ఆ చట్టం 2017 దాకా రద్దు కాలేదు.