తొట్లు మిగిలిన కొండ

విశాఖపట్నం శివార్లలో మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కొండని జనం తొట్లకొండ అన్నారు. పైన ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు బతికారన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆరామం పోయింది, స్తూపం మట్టిలో కలిసింది, రాతిలో తొలిచిన నీటి తొట్లు మాత్రం ఊరి నోట నిలిచాయి. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేసేదాకా ఆ కొండ కథ అంతే.

1988 నుంచి పురావస్తు శాఖ తవ్వితే మహాస్తూపం, విహారాలు, చైత్యగృహాలు, భోజనశాల, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కిందటి వైభవం అది. నా మనసు మాత్రం ఆ తొట్ల దగ్గరే ఆగిపోతుంది. అంచున కూర్చుని చెయ్యి లోపలికి చాపితే గోడ గరుకుగా తగులుతుంది, కాస్త దిగువన పాచి జారుతుంది. కొండ నెత్తిన ఏరు పారదు. పడ్డ వానని పట్టుకుంటేనే గుక్కెడు నీళ్ళు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒక్కచోటే ఉండాలి. వర్షావాసం అంటారు దాన్ని. వాన వాళ్ళకి అతిథి కాదు, ఇంటి మనిషి. తాగడానికి తొట్లు తొలిచినవాళ్ళే మిగులు నీరు పోవడానికి కాలువలూ కట్టుకున్నారు.

అలాంటి కొండ మీద, 2019 అక్టోబరులో, విడవని వానలకి మహాస్తూపం కూలింది. 2014లో హుద్‌హుద్ తుఫాను గాలికి నగరంలో చెట్లెన్నో ఒరిగిపోయినప్పుడు కూడా నిలబడ్డ స్తూపం అది. ఇలాంటి కట్టడాల్లోకి పైనుంచి ఇంకిన నీరు బయటపడే దారి ఉండాలి. లేకపోతే లోపలి మట్టి నాని, ఉబ్బి, చుట్టూ పేర్చిన గోడని తోసేస్తుంది. కూలిన ఫొటో పేపర్లో చూసిన పొద్దున నాకు కాఫీ సయించలేదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరో జారిపడ్డారని కబురు వచ్చినట్టనిపించింది.

తర్వాత మళ్ళీ కట్టారు. చక్కగానే ఉంది. కానీ వాన వెలిసిన సాయంత్రాల్లో అక్కడికి వెళ్తే నా కళ్ళు స్తూపం మీద నిలవవు. దాని పాదం చుట్టూ తిరుగుతాను, నీరు ఎటు పోతోందో చూసుకుంటూ.