పాత వెండి డాలరు వెల

పాత నాణెము చేతికి రాగానే ఎవరైనను మొదట దానిపైనున్న సంవత్సరమును వెదకుదురు. ఎంత పాతదైన అంత విలువగలదని లోకములో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకము ఎంత బలహీనమైనదో అమెరికా వెండి డాలరు చరిత్రను చూచినచో తెలియును. ఆ చరిత్రలో భారతదేశమునకును పాలు కలదు.

1878లో అమెరికా టంకశాలలు ఒక కొత్త వెండి డాలరును ముద్రింప మొదలిడినవి. దాని రూపమును తీర్చిన జార్జి మోర్గన్ పేర దానిని మోర్గన్ డాలరు అందురు. ఒక ప్రక్క స్వేచ్ఛాదేవి శిరస్సు, మరియొక ప్రక్క రెక్కలు చాచిన డేగ. బరువు 26.73 గ్రాములు, నూటికి 90 పాళ్లు వెండి, తక్కినది రాగి. 1904 వరకు సుమారు 57 కోట్ల డాలర్లు ముద్రింపబడినవి. కాని జనులు ఇంత బరువైన నాణెముకంటె కాగితపు నోటునే ఎక్కువగా ఇష్టపడిరి. అందుచే కోట్ల కొలది డాలర్లు, సంచికి వేయి చొప్పున, ఖజానా కొట్లలోనే పడియుండినవి.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున భారతదేశములో వెండి రూపాయలకు కరవు వచ్చినది. నోట్లు తెచ్చి రూపాయలడుగువారికి ఇచ్చుటకు 1918 నాటికి ప్రభుత్వము వద్ద చాలినంత వెండి లేదు. నోటుపై నమ్మకము చెడిన పాలనకే ముప్పని భయపడి బ్రిటిషు ప్రభుత్వము అమెరికా సాయమును కోరినది. 1918 ఏప్రిల్ 23న అమెరికాలో పిట్‌మన్ చట్టము వచ్చినది. దాని ప్రకారము 27,02,32,722 డాలర్లను కరగించిరి. అందులో 25,91,21,554 డాలర్ల వెండి భారతదేశము కొరకు బ్రిటనుకు అమ్మబడినది. డాలరులో 371.25 గ్రెయిన్ల శుద్ధమైన వెండి. ఆనాటి రూపాయలో 165 గ్రెయిన్లు. లెక్క వేసిన ఒక డాలరు వెండితో సరిగా రెండుంబావు రూపాయలగును. నేడు మన ఇండ్లలో పాత పెట్టెల అడుగున దొరకు ఐదవ జార్జి రూపాయలలో కొన్ని ఒకప్పుడు డాలర్లై యుండవచ్చును.

నాణెములు సేకరించువారికి చిక్కు ఇక్కడనే వచ్చినది. ఏ సంవత్సరపు నాణెములు, ఏ టంకశాలవి, ఎన్ని కరగినవో ఎవరును లెక్క వ్రాసియుంచలేదు. ఎన్ని ముద్రించిరో తెలియును గాని ఎన్ని మిగిలినవో తెలియదు. న్యూ ఆర్లియన్సు టంకశాల 1903లో 44,50,000 డాలర్లను ముద్రించినది. అవి దాదాపు అన్నియు మూసలోనికి పోయినవని అందరు తలచిరి. అందుచేత చేతులు మారని అట్టి నాణెము వెల 1962 నాటి పట్టికలలో 1,500 డాలర్లకు చేరినది. ఆ సంవత్సరము చివర ఫిలడెల్ఫియా ఖజానా కొట్టు నుండి ఆ డాలర్ల సంచులే బయటపడినవి! కొద్ది కాలములోనే వెల పదుల డాలర్లకు దిగినది. నాణెములో ఏ మార్పును లేదు. అది కరగిపోయినదను అభిప్రాయము మాత్రమే తప్పైనది.

ఇక నాణెపు స్థితి. మోర్గన్ డాలరులో మొదట అరగునవి ఎత్తైన భాగములు: చెవికి పైనున్న జుట్టు, డేగ రొమ్ముమీది ఈకలు. ఇవి చదునుగానున్న నాణెము చేతులు మారినదని సామాన్యముగా చెప్పవచ్చును. కాని న్యూ ఆర్లియన్సు నాణెములు కొన్ని అచ్చు గట్టిగా పడక, పుట్టుకతోనే చదునుగానుండును. భేదమును కనుగొనుటకు నాణెమును దీపము క్రింద మెల్లగా త్రిప్పి చూడవలెను. అచ్చు పడునప్పుడు లోహము అంచులవైపు ప్రవహించి, కంటికానని సన్నని గీతలనేర్పరచును. వాటివలననే కొత్త నాణెముపై వెలుగు గుండ్రముగా తిరుగుచున్నట్లు కనబడును. చదునైన చోట కూడ ఆ వెలుగున్నచో అది అరుగుదల కాదు. సంచిలో నాణెములు ఒకదానితో నొకటి రాసికొనుటచే పడిన గాట్లు వేరు. అవి వాడుకకు గుర్తులు కావు, అయినను వెలను తగ్గించును.

వెండి గాలిలోని గంధకపు వాయువులతో కలిసి నల్లబడును. మన ఇండ్లలో వెండి సామానును చింతపండుతోనో విభూతితోనో తోముట వాడుక. చెంబునకు అది మేలే. నాణెమునకు మాత్రము చేటు. తోమినచో నలుపుతో పాటు ఆ సన్నని గీతలును పోవును. అట్లు తళతళలాడు డాలరుకంటె నల్లబడిన డాలరుకే ఎరిగినవారు ఎక్కువ వెల నిత్తురు.

స్థితిని అంకెలతో చెప్పు పద్ధతిని 1949లో విలియం షెల్డన్ ప్రవేశపెట్టెను. అమెరికా పాత రాగి సెంట్లకు ఆయన 1 నుండి 70 వరకు అంకెలనిచ్చెను. ఆయన ఉద్దేశములో 70 అంకె గల సెంటు 1 అంకె గలదానికి డెబ్బది రెట్లు వెల చేయవలెను. అంగడి ఆ లెక్కను మన్నింపలేదు. అంకెలు మాత్రము నిలిచి, వెండి డాలర్లకు సైతము వర్తించినవి. 60, అంతకు మించిన అంకెలు చేతులు మారని నాణెములవి.

దొంగ నాణెమును పట్టుటకు ఆర్కిమిడీసు సూత్రము చాల వరకు పనికివచ్చును. ఈ మిశ్రలోహపు సాంద్రత సుమారు 10.3. కనుక డాలరును దారముతో కట్టి నీట ముంచి తూచిన సుమారు 2.6 గ్రాములు తగ్గవలెను. పాఠశాలలోని త్రాసుతోనే చేయదగిన పరీక్ష ఇది.

అయితే నిజమైన డాలరునకే మోసము చేసినచో ఈ పరీక్ష నిలువదు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల ముద్రించినవి ఒక లక్ష మాత్రమే; అరిగినవి కూడ నేడు వేల డాలర్లు పలుకును. డేగ క్రింద ఆ టంకశాల గుర్తైన 'ఎస్' అక్షరమును వేరొక 1893 డాలరునకు అతికించి అమ్మిన మోసగాండ్రు కలరు. వెండి నిజమైనదే, బరువు సరియైనదే. కాని ఆ లక్ష నాణెముల శిరస్సు వైపును ఒకే అచ్చుదిమ్మెతో కొట్టిరి. ఆ దిమ్మెపై 'లిబర్టీ' అను మాటలోని 'టి' అక్షరము తలపై ఒక సన్నని ఏటవాలు గీత ఉండెను. అంతగా అరగని నాణెములపై అది భూతద్దముతో కనబడును.