స్టియావా బుకారెస్ట్.. ప్లేఆఫ్ ఆడినా ప్రమోషన్ లేదు! రొమేనియా లిగా 2లో వింత కథ

రొమేనియా ఫుట్‌బాల్‌లో రెండో డివిజన్ పేరు లిగా 2. 2024-25లో ఇందులో 22 జట్లు ఆడాయి. రెగ్యులర్ సీజన్ అయ్యాక టాప్ 6 జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. అందులో మొదటి రెండు నేరుగా లిగా 1కి ప్రమోట్ అవుతాయి. రూల్ ఇంత సింపుల్. కానీ బుకారెస్ట్‌లోని సీఎస్ఏ స్టియావా విషయంలో లెక్క వేరు.

స్టియావా అంటే నక్షత్రం. 1947లో సైన్యం పెట్టిన క్లబ్ ఇది. 1986 యూరోపియన్ కప్ ఫైనల్లో బార్సిలోనాను షూటౌట్‌లో ఓడించింది. గోల్‌కీపర్ హెల్ముట్ డుకాడం ఏకంగా 4 పెనాల్టీలు ఆపేశాడు. తర్వాత ఫుట్‌బాల్ జట్టు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. పేరు తమదేనంటూ సైన్యం కోర్టుకెక్కి గెలిచింది. దాంతో 2017లో ఆ జట్టు పేరు ఎఫ్‌సీఎస్‌బీగా మారింది. సైన్యమేమో అదే ఏడాది నాలుగో డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, 2021లో లిగా 2కి చేరింది.

చిక్కంతా ఇక్కడే. 2022-23లో స్టియావా ప్లేఆఫ్ ఆడింది.. కానీ ప్రమోషన్ హక్కే లేదు! రక్షణ శాఖ కింద ఉండే ప్రభుత్వ సంస్థ కావడమే కారణం. పొలిటెహ్నికా యాషి, ఒత్సెలుల్ గలాత్సి నేరుగా పైకెళ్లాయి.

గెంచాలో 31 వేల సీట్ల కొత్త స్టేడియం మాత్రం స్టియావాదే. 1986 కప్ ఎవరిదన్న గొడవ కూడా కోర్టుల దాకా వెళ్లింది. యూఈఎఫ్ఏ రికార్డుల్లో అది ఎఫ్‌సీఎస్‌బీ ఖాతాలోనే ఉంది.