కొండాపురానికి బ్రెయిల్ ఎంబాసర్: ధర, కాగితం, అందుబాటు

బ్రెయిల్‌లో అచ్చువేసే ఎంబాసర్ ధర అమెరికా మార్కెట్లో సుమారు 2,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. ప్రెస్సుల్లో వాడే పెద్ద యంత్రాలు పదుల వేల డాలర్లు పలుకుతాయి. డాలరు 85 రూపాయలనుకుంటే అన్నిటికన్నా చవక యంత్రమే 1,70,000 రూపాయలు. రవాణా, డీలరు కమీషను ఇందులో కలపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పింఛనులో పైసా ముట్టకుండా దాచినా ఆ యంత్రం కొనడానికి 28 నెలలు దాటుతుంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి నియోజకవర్గంలోని కొండాపురం లాంటి మండలంలో, వానను నమ్ముకుని సేద్యం చేసే ఇంటికి ఆ పింఛను దాచుకునే సొమ్ము కానేకాదు. బియ్యానికీ మందులకూ నెల తిరగకుండానే అయిపోతుంది.

ఈ లెక్క చూసినవారికి చవక యంత్రం తయారుచేస్తే చాలుననిపించడం సహజం. 2014లో కాలిఫోర్నియాలో 12 ఏళ్ల శుభమ్ బెనర్జీ లెగో రోబో కిట్‌తో ‘బ్రైగో’ అనే బ్రెయిల్ ప్రింటర్ చేసి చూపించాడు. ఖర్చు సుమారు 350 డాలర్లు. ఫ్రాన్స్‌లో రూపొందిన ‘బ్రెయిల్‌ర్యాప్’ నమూనాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. విడిభాగాలు కొని, చేతిపని తెలిసినవాళ్లు బిగించుకోవచ్చు. ఎంబాసర్ ధర అంత ఎక్కువ ఉండాల్సిన పని లేదని ఈ రెండు ప్రయత్నాలూ రుజువు చేశాయి. ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు పనుల్లో బ్రెయిల్‌ర్యాప్ లాంటిది బిగించి పల్లె బడికి ఇవ్వడం ఎంతో మేలైన పని. అయితే యంత్రం వచ్చాక మొదలయ్యే ఖర్చును ఈ చర్చల్లో ఎవరూ పట్టించుకోరు. తెలుగు విషయంలో అదే పెద్ద ఖర్చు.

భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతీ బ్రెయిల్ 1951లో స్థిరపడింది. అచ్చు తెలుగులో గుడి, కొమ్ము, వత్తు అక్షరానికి పైనా కిందా పక్కనా సర్దుకుంటాయి. బ్రెయిల్‌లో ఆ వీలు లేదు. ప్రతిదీ వరసలో ఆరు చుక్కలు పట్టే తన గడి తాను తీసుకుంటుంది. ‘కొండాపురం’ అచ్చులో నాలుగు అక్షరాలు. బ్రెయిల్‌లో క, ఒ, సున్న, డ, ఆ, ప, ఉ, ర, సున్న కలిపి తొమ్మిది గడులు. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే అయినా ఆరు గడులు పడతాయి: సంయుక్తాన్ని తెలిపే చుక్క, స, మళ్లీ ఆ చుక్క, త, ర, ఈ. ఇంగ్లిష్ బ్రెయిల్‌లో మాటలను కుదించి రాసే పద్ధతి బాగా పాతుకుపోయింది, పుస్తకం బరువు తగ్గుతుంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ విడదీసి రాయాల్సిందే. ఎంబాసర్‌కు సరిపోయే పెద్ద కాగితంపై వరసకు 40 గడుల చొప్పున 25 వరసలు, అంటే 1,000 గడులు మాత్రమే పడతాయి. పదో తరగతి సాంఘికశాస్త్రం బ్రెయిల్‌లోకి వచ్చేసరికి ఒక పుస్తకం కాస్తా అనేక సంపుటాలవుతుంది.

ఆ కాగితం కూడా జెరాక్సు షాపులో దొరికే రకం కాదు. 70, 80 జీఎస్ఎమ్ కాగితంపై చుక్క నిలవదు, నాలుగుసార్లు వేలు తగిలితే అణిగిపోతుంది. 120 నుంచి 160 జీఎస్ఎమ్ మందం కావాలి. అంధ విద్యార్థులు పాత క్యాలెండర్లు, నున్నటి పత్రికల పుటలు సేకరించి వాటిపై రాసుకోవడం దేశమంతటా ఉన్నదే. అది వాళ్ల పొదుపరితనమని మెచ్చుకుని ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. తోటి పిల్లలకు తెల్లకాగితం ఇచ్చే బడి వీళ్లకూ ఇవ్వాలి.

కాగితం తర్వాత రెండో ఖర్చు అక్షరాలు మార్చడం. వికలాంగులకు అనువైన ప్రతులు చేసుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ దారి సుగమం చేసింది. అంధులకు అనువైన ప్రతుల కోసం కుదిరిన అంతర్జాతీయ మరకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన మొదటి దేశం భారత్, 2014లో. తెలుగు ప్రచురణలో చాలాకాలం నడిచింది మాత్రం అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ ఫైలు యూనికోడ్ కాదు కాబట్టి బ్రెయిల్ సాఫ్ట్‌వేర్‌కు అందులోని అక్షరాలు అక్షరాలుగా కనిపించవు. ఉచితంగా దొరికే లిబ్‌లూయీ అనే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. దానికి యూనికోడ్ పాఠం అందిస్తే చాలు, బ్రెయిల్‌గా మార్చేస్తుంది. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, తారుమారైన వత్తులు దిద్ది, పటాలకు వివరణ రాసేది మనుషులే. ఎంబాసర్ కొనడానికి దాతలు దొరుకుతారు. ఈ దిద్దుబాటు పనికి జీతమిచ్చేవాళ్లు అరుదు.

ఫోనులో విని చదువుకోవచ్చు కదా అనేవారున్నారు. వినడం గొప్ప వసతే. మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన అంధుడు బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్సు సీటు కోసం పోరాడి సాధించి, ఆడియోగా మార్చిన పాఠాలతో చదివి ఎంఐటీ దాకా వెళ్లారు. అదే శ్రీకాంత్ 2011లో బహుళ వైకల్యాలున్న పిల్లల కోసం సమన్వయ్ కేంద్రం స్థాపనలో పాలుపంచుకుని, అందులో బ్రెయిల్ ప్రెస్ పెట్టారు. విని చదివి పైకొచ్చిన మనిషే అచ్చు అవసరమని గుర్తించడం గమనించదగ్గ విషయం. శ, ష, స తేడాగానీ, ఎక్కడ దీర్ఘమో ఎక్కడ వత్తో గానీ చెవికి పూర్తిగా అందవు. లెక్కల్లో భిన్నం, సమీకరణం విని గుర్తుపెట్టుకోవడం మరీ కష్టం.

కాబట్టి సొంతానికి ఏది ఉండాలి, ఉమ్మడిగా ఏది ఉండాలి అన్నది విడదీసి చూడాలి. పిల్లవాడి చేతిలో తప్పనిసరిగా ఉండాల్సింది బ్రెయిల్ పలక, స్టైలస్. పలకపై కుడి నుంచి ఎడమకు, చుక్కలను తిరగేసి పొడవాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి చదువుకోవచ్చు. ఆపై మెట్టు పెర్కిన్స్ బ్రెయిలర్. దీనికి కరెంటు అక్కర్లేదు, ఆరు చుక్కలకు ఆరు మీటలు, కొట్టింది వెంటనే తడిమి దిద్దుకోవచ్చు. 1951లో వచ్చిన ఈ యంత్రాన్ని రూపొందించింది అమెరికాలోని పెర్కిన్స్ అంధుల బడిలో చెక్కపని నేర్పిన డేవిడ్ అబ్రహాం. మనకు పొరుగునే, వేలూరు దగ్గర కాట్పాడిలో వర్త్ ట్రస్ట్ దీన్ని బిగిస్తోంది. చెక్క గరిటెలకూ చెంచాలకూ పేరుపడ్డ ఉదయగిరి పనివారు స్టైలస్ పిడులు, పలక చట్రాలు చేయలేరా? చేయగలరనే నా నమ్మకం. ఎవరైనా ఆర్డరు ఇచ్చి చూడాలి.

ఎంబాసర్ మాత్రం ఉమ్మడి ఆస్తిగా ఉంటేనే గిట్టుబాటు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు, అక్కడి ఐఈఆర్‌టీ (సమ్మిళిత విద్య) టీచర్లు ఇందుకు తగిన ఆధారం. మండలానికొకటి అవసరం లేదు. ఉదయగిరిలో ఒకటి, ఆత్మకూరులో ఒకటి పెడితే చుట్టుపక్కల మండలాలకు సరిపోతాయి. కొండాపురం టీచరు ఫైలు పంపితే అక్కడ అచ్చువేసి బస్సులో పంపవచ్చు. ఎంబాసర్‌లోని సుత్తులు కాగితాన్ని కొట్టే మోత తరగతి గదిలో భరించలేనిది, వేరే గది కావాలి. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు యూపీఎస్ ఉండాలి. పాడైతే మద్రాసు నుంచో బెంగళూరు నుంచో మెకానిక్ వచ్చేదాకా మూలపడకుండా, కొనుగోలు ఒప్పందంలోనే మరమ్మతు గడువు రాయించాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలి. ఈ హామీ అమలుకు యంత్రం కొనే ఏడాది ఒక్కసారి ఇచ్చే గ్రాంటు చాలదు. మందపాటి కాగితానికీ, పాఠం దిద్దేవారి వేతనానికీ జిల్లా బడ్జెట్‌లో ఏటా విడిగా పద్దు చూపాలి, ఆ డబ్బు జూన్‌లో బడులు తెరవకముందే విడుదల కావాలి.